వరద మట్టం పక్కన "10 నిమిషాల క్రితం" అని చూపించడం ఎలా? స్క్రీన్‌షాట్ తీస్తే అది తప్పైపోతోంది

గౌతమి గట్టు అడిగారు:

అందరికీ నమస్కారం అండి. మాది ముక్తేశ్వరం దగ్గర లంక గ్రామం. 2022 జూలై వరదలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలినప్పుడు మా వీధిలో మొలలోతు నీళ్ళు. కరెంటు లేదు, ఎవరి ఫోన్‌లో ఎంత ఛార్జింగ్ ఉందో అదే దిక్కు. "ఇప్పుడు ఎంతుంది?" అని ఒకరినొకరు అడుక్కోవడం తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ వరద తీశాకే ఒక చిన్న సైట్ మొదలుపెట్టాను. ఒకే పేజీ. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం, కిందకి వదులుతున్న క్యూసెక్కులు, మా కాజ్‌వే మీద నీరుందా లేదా, కోటిపల్లి పంటు (జనాన్ని, బండ్లని ఏరు దాటించేది) నడుస్తోందా ఆపేశారా, ఇంతే. అధికారులు చెప్పిన అంకెలు విని ఫోన్‌లోంచి నేనే ఎక్కిస్తాను. వెనకాల పేజీ తయారుచేసేది పీహెచ్‌పీ, అంకెలు దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్.

అంకె పక్కన అది ఎప్పటిదో చెప్పడం దగ్గరే వస్తోంది చిక్కంతా.

కిందటేడు ఆగస్టులో "10 నిమిషాల క్రితం" అని పీహెచ్‌పీతోనే రాయించి పేజీలో పెట్టాను. ఒకరోజు సాయంత్రం మట్టం 13.9 అడుగులు. రెండో ప్రమాద హెచ్చరిక 13.75 దగ్గర ఇస్తారు కదా, దాని పైన ఉంది. ఎవరో స్క్రీన్‌షాట్ తీసుకున్నారు. మర్నాటికి వరద తగ్గుముఖం పట్టింది, రాత్రికి 12 అడుగుల దగ్గరికి వచ్చేసింది. ఆ రాత్రి తొమ్మిదింటికి ఆ పాత స్క్రీన్‌షాట్ మా ఊరి వాట్సాప్ గ్రూపులో పడింది. "13.9 అడుగులు. 10 నిమిషాల క్రితం." అందులో తేదీ లేదు, గంట లేదు. నేను ఆ పూట అమలాపురంలో ఉన్నాను, ఫోన్ చూసుకోలేదు.

మా నాన్న, పక్కింటి బాబాయ్ వానలో టార్చిలైటు పట్టుకుని గేదెల్ని, దూడని ఏటిగట్టు మీదకి తోలుకెళ్ళారు. గట్టు ఎక్కే చోట బురద. దూడ ముందు కాలు జారి రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. బాబాయ్ మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో బురద తోడి కాలు బయటికి లాగాడు. నెల రోజులు అది కుంటింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు పెట్టిందే కదా అని వెళ్ళాం అమ్మా" అన్నారు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఈ ఏడాది ఎర్రనీరు రాకముందే సరిచెయ్యాలని కూర్చున్నాను. పీహెచ్‌పీ లెక్క తీసేసి, బ్రౌజర్‌లో టైమ్ లెక్కలు కట్టే మొమెంట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ పెట్టి, భాష తెలుగు అని ఇచ్చాను. ఇప్పుడు కొత్త తలనొప్పులు. ఇప్పుడే ఎక్కించిన రీడింగ్ కూడా "6 గంటలు క్రితం" అని వస్తోంది. పైగా "గంటలు క్రితం" అని చదువుతుంటే నాలుకకి అడ్డం పడుతోంది. ఇంకొకటి, కువైట్‌లో ఉన్న మా పిన్ని "పొద్దున్న రీడింగ్ మూడున్నరకే తీస్తారా?" అని అడిగింది. నేను పెట్టింది ఆరు గంటలది.

"ఇంత సేపటి క్రితం" అనేది అసలు తీసేసి తేదీ, టైమ్ మాత్రమే పెట్టమంటారా? కానీ మా తాతయ్య లాంటివాళ్ళకి "పది నిమిషాలైంది" అంటేనే వెంటనే ఎక్కుతుంది. ఏది పద్ధతో చెప్పండి. కోడ్ నేను రాసుకోగలను, ఆలోచనలో ఎక్కడ తప్పుతున్నానో కావాలి.

యానాం రోడ్డు:

గంటల తేడా సంగతి వెంటనే చెప్పేస్తానండి. అది 6 గంటలు కాదు, ఐదున్నర. మొమెంట్ దాన్ని దగ్గరి అంకెకి సవరించి 6 చేసింది. మన దేశంలో ఎవరికైనా టైమ్ ఐదున్నర గంటలు తేడా వస్తే సర్వర్ యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయంలో ఉన్నట్టే. మీరు పొద్దున్న 6:10కి ఎక్కిస్తే సర్వర్ 00:40 అని రాసుకుంటుంది. ఆ అక్షరాలు బ్రౌజర్‌కి వచ్చేసరికి అది ఏ దేశం టైమో అందులో ఉండదు కాబట్టి బ్రౌజర్ దాన్ని ఇక్కడి 00:40 అనుకుంటుంది. చివర జెడ్ అక్షరం (ఇది యూటీసీ అని గుర్తు) చేర్చి పంపండి, లేదా మన టైమ్‌కి మార్చి చివర ప్లస్ 05:30 అని రాసి పంపండి. ఆ ఒక్కటి చేస్తే 6 గంటలు పోతుంది.

పాత లాకు:

అమ్మా, మీ దూడ సంగతి చదివాక ఊరికే ఉండబుద్ధి కాలేదు. నేను పన్నెండేళ్ళుగా వెబ్ పని చేస్తున్నాను, మాది రావులపాలెం అవతల వశిష్ఠ ఒడ్డు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు, మీ డేటాబేస్‌లో టైమ్ కాలమ్ ఒక్కటే ఉన్నట్టుంది. రెండు ఉండాలి. బ్యారేజీ దగ్గర ఆ మట్టం చూసిన టైమ్ ఒకటి, మీరు ఫోన్‌లో ఎక్కించిన టైమ్ ఒకటి. 6 గంటల రీడింగ్ మీకు తెలిసి, ఎక్కించేసరికి 6:40 అయిందనుకోండి. పేజీ మీద "ఇప్పుడే" అని పడుతుంది, కానీ నీళ్ళు నలభై నిమిషాల కిందటివి. వరద పెరిగేటప్పుడు ఆ నలభై నిమిషాలు చాలా పెద్దవి. మీ ఊరివాళ్ళకి కావలసింది నీళ్ళ వయసు, మీరు టైపు చేసిన వయసు కాదు. "క్రితం" లెక్క ఎప్పుడూ మొదటి టైమ్ నుంచే కట్టండి. రెండోది మీ రికార్డు కోసం.

ఇక ఆ లెక్క ఎక్కడ కట్టాలి? కిందటేడు పీహెచ్‌పీలో కట్టారు. సర్వర్‌లో కట్టిన "10 నిమిషాల క్రితం" పేజీ పుట్టిన క్షణానికి మాత్రమే నిజం. మధ్యలో క్యాష్ (పేజీ కాపీ దాచుకుని వచ్చినవాళ్ళందరికీ అదే ఇచ్చేది) ఉంటే, అది ఎంతసేపు దాచుకుంటే అంతసేపూ అదే 10 నిమిషాలు. వరద రోజు జనం ఒక్కసారిగా వస్తారు కాబట్టి మీరు క్యాష్ పెట్టకుండా ఉండలేరు. అందుకని సర్వర్ అసలు టైమ్ మాత్రమే పంపాలి. టైమ్ ట్యాగ్‌లో డేట్‌టైమ్ అనే ఆట్రిబ్యూట్ ఉంటుంది, అందులో ఐఎస్‌ఓ 8601 (తేదీ, టైమ్ రాసే అంతర్జాతీయ పద్ధతి) ప్రకారం ప్లస్ 05:30తో సహా రాయండి. ట్యాగ్ లోపల చూపించే మాటగా మామూలు తేదీ, గంట పెట్టండి. జావాస్క్రిప్ట్ నడిస్తే పక్కన "క్రితం" చేరుతుంది, నడవకపోయినా అసలు టైమ్ కనబడుతుంది.

బ్రౌజర్‌లో కట్టడం వల్ల ఇంకో మేలుంది. మీరు కరెంటు పోయిందన్నారు, టవర్ పడిపోవడం కూడా మనం చూశాం. అలాంటప్పుడు తెరిచి ఉంచిన పేజీ కొత్త రీడింగ్ తెచ్చుకోలేదు, కానీ ఫోన్ గడియారం నడుస్తూనే ఉంటుంది. నిమిషానికోసారి లెక్క మళ్ళీ కడుతుంటే "2 గంటల క్రితం", "3 గంటల క్రితం" అని అది ముసలిదవుతూ కనిపిస్తుంది. ఇది పాత అంకె అని చూసేవాడికి దానంతట అదే తెలుస్తుంది. ఒక జాగ్రత్త. వెనక్కి వెళ్ళిన ట్యాబ్‌లో, ఆఫ్ అయిన స్క్రీన్‌లో బ్రౌజర్లు టైమర్‌ని నెమ్మది చేస్తాయి, ఆపేస్తాయి కూడా. పేజీ మళ్ళీ కళ్ళ ముందుకి వచ్చినప్పుడు విజిబిలిటీఛేంజ్ అనే ఈవెంట్ వస్తుంది, దాని మీద కూడా లెక్క కట్టించండి. లేకపోతే ఫోన్ జేబులోంచి తీసిన మొదటి క్షణం పాత మాటే కనబడుతుంది. సరిగ్గా ఆ క్షణమే ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తారు.

మొమెంట్ వద్దు. 2020 నుంచి దానికి కొత్త హంగులేమీ చేర్చడం లేదు, కొత్త పనికి వేరేది చూసుకోమని దాన్ని నడిపేవాళ్ళే చెప్పారు. జావాస్క్రిప్ట్‌లోనే రిలేటివ్‌టైమ్‌ఫార్మాట్ అని ఉంది. క్రోమ్‌లో 71వ వెర్షన్ నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 65 నుంచి, సఫారీలో 14 నుంచి పనిచేస్తుంది. భాష తెలుగు అని ఇచ్చి, మైనస్ 3, గంట అని అడిగితే "3 గంటల క్రితం" అని ఇస్తుంది. మీ నాలుకకి అడ్డం పడిన "గంటలు క్రితం" అక్కడ రాదు. మొమెంట్ తెలుగు ఫైల్లో "గంటలు" ఒక ముక్క, "క్రితం" ఒక ముక్క, రెంటినీ అతికిస్తుంది. ఇంగ్లీషుకి ఆ అతుకు సరిపోతుంది, మనకి "క్రితం" ముందు మాట మారాలి.

ఏ కొలత వాడాలో మాత్రం అది తేల్చదు, మీరే చెప్పాలి. ఇప్పటి టైమ్‌లోంచి రీడింగ్ టైమ్ తీసేస్తే మిల్లీసెకన్లు వస్తాయి, 1000తో భాగిస్తే సెకన్లు. 60 లోపు ఉంటే "ఇప్పుడే". 3600 లోపు ఉంటే 60తో భాగించి నిమిషాలు. ఆ పైన 3600తో భాగించి గంటలు. భాగించాక కిందికే సవరించండి, దగ్గరి అంకెకి కాదు. గంటా నలభై నిమిషాల్ని 2 గంటలనడం కంటే 1 గంట అని, పక్కనే అసలు టైమ్ చూపించడం నయం. నేనైతే 6 గంటలు దాటాక "క్రితం" అనే మాటే తీసేస్తాను. అప్పుడు పెద్ద అక్షరాలతో "పాత రీడింగ్" అని, రోజు, గంట మాత్రం.

తేడా మైనస్‌లో వస్తే? మన దగ్గర చాలామంది గడియారం పది నిమిషాలు అటో ఇటో పెట్టుకుంటారు. ఫోన్ వెనకబడి ఉంటే ఇప్పుడు తీసిన రీడింగ్ "10 నిమిషాల్లో" అని వస్తుంది. రెండు మూడు నిమిషాల తేడా అయితే "ఇప్పుడే" అనెయ్యండి. అంతకు మించితే "క్రితం" దాచేసి అసలు టైమ్ ఒక్కటే చూపించండి. ప్రతి మైనస్‌నీ "ఇప్పుడే" కింద కప్పెట్టకండి. అలా చేస్తే రేపు ఇంకో ఐదున్నర గంటల తప్పు వచ్చినా మీకు కనపడకుండా పోతుంది.

పిన్నిగారి మూడున్నర: కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మన 6 అక్కడ 3:30, ఫోన్ తన లెక్కలో చూపించింది. "క్రితం"కి ఈ బాధ లేదు, నలభై నిమిషాలు ఎక్కడైనా నలభై నిమిషాలే. గంట చూపించే చోట మాత్రం టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని ఖాయంగా ఇచ్చెయ్యండి.

చివరిది, మీరు అసలు అడిగింది. రెండూ ఉంచండి. కానీ అసలు టైమ్ ముందు, "క్రితం" వెనక, అంకెతో కలిపి ఒకే లైనులో. వేలు ఆనిస్తే కనిపించే టైటిల్‌లో తేదీ దాచడం ఫోన్లలో పనికిరాదు. కింద చిన్న అక్షరాల్లో పెడితే క్రాప్ చేసేటప్పుడు తెగిపోతుంది. అంకెని కోయకుండా తేదీని కోయడం కుదరకూడదు.

నలభై కౌంట్:

భీమవరం వైపు నుంచి ఒక ముక్కండి. రొయ్యల రేట్లు పెట్టే పేజీ చేస్తున్నాను. 100 కౌంట్ (కిలోకి 100 రొయ్యలు తూగేవి) ఇంత, 50 కౌంట్ ఇంత, 40 ఇంత అని రోజుకోసారి. మా దగ్గర టైమ్ లేదు, తేదీ ఒక్కటే. అక్కడ దెబ్బ తిన్నాను. "2024-08-12" అని ఉత్త తేదీ ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది, అంటే మనకి పొద్దున్న ఐదున్నర. అదే తేదీకి గంట కూడా చేర్చి జోన్ ఇవ్వకపోతే ఇక్కడి టైమ్ అనుకుంటుంది. రెండూ రెండు రకాలు. తెల్లవారుజామున 4 గంటలకి చెరువు మీద లైట్ల కింద నిలబడి ఆ రోజు రేటు చూసుకున్న రైతుకి "1 గంటలో" అని వచ్చింది. రాని రేటు ఎలా పెట్టారని ఫోన్ చేశాడు. రోజు లెక్కన ఉండే వాటికి గంటలు చూపించడమే మానేశాను. రెండు తేదీలూ మన జోన్‌లో పోల్చి "ఈ రోజు రేటు", "నిన్నటి రేటు", ఆ పైన తేదీ. 24 గంటలతో భాగించి "నిన్న" తేల్చకండి. రాత్రి 11కి పెట్టింది 1 గంటకి చూస్తే రెండు గంటలే అయినా తేదీ మారిపోయింది.

పంతులు గారి అరుగు:

నాకు కోడ్ రాదు, మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి మాటల గురించి చెబుతాను.

"గంటలు క్రితం" తప్పు, "గంటల క్రితం" ఒప్పు. "ఇల్లు ముందు" అనం, "ఇంటి ముందు" అంటాం కదా, అదే ఇది. అమ్మాయి నాలుకకి అడ్డం పడిందంటే ఆ నాలుక సరైనదే.

కానీ అసలు ఇబ్బంది "మొన్న"తో వస్తుంది. పాత లాకు గారు చెప్పిన రిలేటివ్‌టైమ్‌ఫార్మాట్ మా అబ్బాయి పెట్టి చూపించాడు, రెండు రోజుల కిందటిదానికి "మొన్న" అని వచ్చింది. నిఘంటువు ప్రకారం సరే. మన ఇళ్ళలో "మొన్న పెళ్ళికి వెళ్ళాం" అంటే రెండు రోజులూ కావచ్చు, రెండు వారాలూ కావచ్చు. వరద అంకె పక్కన ఆ మాట రాకూడదు. "గురువారం" అనండి, తేదీ వెయ్యండి.

మా వాడకంలో రోజు అర్ధరాత్రికి మారదు, తెల్లవారితే మారుతుంది. రాత్రి ఒంటిగంటకి లేచి చూసే మనిషికి తొమ్మిదింటి రీడింగ్ "నిన్న" అని చూపిస్తే ఒక పూర్తి రోజు పాతదని వదిలేస్తాడు. "రాత్రి 9 గంటలకి" అనండి. తెల్లవారుజామున, పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, ఈ అయిదు మాటలూ గంట ముందు చేర్చండి. ఉత్త 9 కంటే "రాత్రి 9" పెద్దవాళ్ళకి తొందరగా అందుతుంది.

గౌతమి గట్టు:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. రెండు రాత్రులు కూర్చుని మొత్తం మార్చాను. మాస్టారూ, రాత్రి ఒంటిగంట సంగతి నా ఆలోచనకే రాలేదు. 2022లో మేమందరం ఆ టైమ్‌కే లేచి కూర్చుని చూసుకున్నాం.

ఇప్పుడు లైను ఇలా ఉంది:

ధవళేశ్వరం 11.9 అడుగులు, శనివారం 12వ తేదీ పొద్దున్న 6 గంటలకి, 40 నిమిషాల క్రితం.

అంతా ఒకే పెట్టెలో, ఒకే సైజు అక్షరాల్లో. పాత లాకు గారూ, రీడింగ్ టైమ్ కాలమ్ వేరే చేశాక పాత ఎంట్రీలు తిరగేశాను. అధికారులు చెప్పింది విన్నాక నేను ఎక్కించడానికి కొన్నిసార్లు గంటంబావు పట్టింది. ఆ గంటంబావూ ఇన్నాళ్ళూ "ఇప్పుడే" కింద దాగి ఉంది. 6 గంటలు దాటినవి ఎర్ర గీతతో "పాత రీడింగ్" అని వస్తున్నాయి. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, పేజీ తెరిచి ఉంచి, నాన్న చేతికిచ్చి పొలానికి పంపాను. మధ్యాహ్నం వచ్చి "అమ్మా, ఇది పాతదని అదే చెబుతోంది" అన్నారు. పిన్నికి కూడా 6 గంటలే కనిపిస్తోంది.

పంటు లైను ఒక్కటి ఇంకా తేలలేదండి. పంటు ఆపేసిన టైమ్ నుంచి లెక్కపెట్టి చూపించాలా, నేను రేవులో చివరిసారి కనుక్కున్న టైమ్ నుంచా?

పాత లాకు:

రెండూ చెప్పండి, ఒకదాన్ని ఇంకొకటి మింగకుండా. "పంటు ఆపేశారు, శుక్రవారం సాయంత్రం 4 గంటల నుంచి. రేవులో కనుక్కున్నది శనివారం పొద్దున్న 7 గంటలకి, 25 నిమిషాల క్రితం." ఆపేసిన దానికి "క్రితం" వద్దు, అది ఎంతసేపైనా అలాగే ఉంటుంది. కనుక్కున్న దానికి మాత్రమే పెట్టండి. రేవుకి బండి తియ్యాలా వద్దా అన్నది ఆ రెండో టైమ్ చూసే తేల్చుకుంటారు.